కరుణ పరుగు ఆగిన రోజులు

జనవరి 19, సోమవారం

కొడుకు సుధాకర్‌కి దగ్గు ఎలా ఉంది? తగ్గింది. పొద్దున్న పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళేలోగా రెండుసార్లే దగ్గాడు. కోడలు సుగుణ మోకాళ్ళు? బాగానే ఉన్నాయంటుంది. అది బాగాలేవని ఎప్పుడన్నది గనుక. పక్కింటి రాహేలు వదిన కన్ను? ఆపరేషనయ్యి తొమ్మిది రోజులు, ఇంకా నల్లద్దాల్లోంచే మా పెరడంతా చూస్తోంది. ఆవు? పొదుగు వాపు తీసింది. నేను? బీపీ మాత్ర వేసుకున్నాను. దడ మాత్రం మాత్రకి లొంగదు.

ఇక మనవరాలు కరుణ. వెళ్ళి మూడు రోజులు. డెన్మార్కు, స్వీడను, ఫిన్లాండు — సుధాకర్ చేత చీటీ మీద రాయించుకుని ఈ పుస్తకంలో పెట్టుకున్నాను. ఆరు వారాలు. మన ఓడలరేవు వైపు చెరువుల్లో పెరిగిన రొయ్య అక్కడ గోదాముల్లో సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మని దాని కంపెనీ వాళ్ళు పంపారు. చచ్చిన రొయ్యని చూడడానికి బతికున్న పిల్లని అంత చలిలోకి...

దాని ఒంట్లో ఎలా ఉందో రేపు ఫోనొస్తే గాని రాయలేను.

జనవరి 20, మంగళవారం

ఫోనొచ్చింది. బొమ్మ కనపడే ఫోను. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. జ్వరమేమో అనుకున్నాను. కాదు — అప్పుడే పరుగెత్తి వచ్చిందట. తొమ్మిది కిలోమీటర్లు. చీకట్లోనే. అక్కడ పొద్దున్న ఎనిమిదైనా తెల్లారదు, మధ్యాహ్నం నాలుగు దాటితే సందె చీకటి.

"ఎందుకే ఆ చీకట్లో?"

"ఏప్రిల్లో నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తాలి కదా మామ్మా. ఊళ్ళు తిరుగుతున్నానని మానేస్తే ఒళ్ళు మర్చిపోతుంది."

చేతులకి, నడుముకి మెరిసే పట్టీలు కట్టుకుందట, కార్లవాళ్ళకి కనపడాలని. ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు. మొదటి కిలోమీటరే చలి, తరవాత మన వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుందని నవ్వింది.

"కాలు జారితేనో?"

"ఇక్కడ ఇంకా వానే మామ్మా, మంచు గడ్డకట్టలేదు. స్వీడను వెళ్ళాక ముళ్ళ తొడుగులు తీస్తాలే. బూట్ల కింద తగిలించుకుంటే ఇక జారదు. పసుపు సంచిలో ఉన్నాయి, అమ్మ పెట్టె అడుగున సర్దింది."

ఫోను ఇచ్చేసి లేచిపోయాను. సుధాకర్ పక్కనే ఉన్నాడు.

జనవరి 21, బుధవారం

రాసేస్తాను. ఎవరికీ చెప్పలేనిది ఇక్కడన్నా రాయాలి.

పసుపు సంచి నా ట్రంకుపెట్టెలో ఉంది.

బయలుదేరే రోజు సుగుణ పెట్టె సర్దింది. తను నర్సు కదా, ఏ పనికైనా జాబితా ఉండాలి. నోటుబుక్కులో ఒక్కొక్కటి రాసుకుని, పెట్టెలో పెట్టి, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టింది. సుధాకర్ రొయ్యల కాటా తెచ్చి తూచాడు. సరిగ్గా ఇరవై మూడు కిలోలు. అంతకి మించితే విమానం ఎక్కనివ్వరట. "అమ్మా, ఇక పెట్టె జోలికి వెళ్ళకు" అని మూడుసార్లు చెప్పాడు. సుగుణ స్నానానికి వెళ్ళింది. వాడు కారు కోసం వీధిలోకి వెళ్ళాడు.

నేను వెళ్ళాను.

రొయ్యల పచ్చడి సీసా. రెండు రోజులు కూర్చుని చేసినది. దానికి చోటులేదు, బరువుకి చోటులేదు. అడుగున చెయ్యి పెడితే ఈ పసుపు సంచి తగిలింది. విప్పి చూశాను. రబ్బరు పట్టీ, కింద గొలుసులు, ఇనప ముళ్ళు. కరిచే కుక్క మెడకి కట్టేదానిలా ఉంది. పొరపాటున పడిందేమో అనుకున్నాను. ఇనప ముళ్ళు చూస్తే విమానం దగ్గర పట్టుకుంటారని కూడా అనుకున్నాను — కాదు. అది తరవాత అనుకున్నది. ముందు అనుకున్నది పచ్చడి గురించే.

సంచి తీశాను, సీసా పెట్టాను. పిల్ల తిరిగొచ్చాక ఇద్దామని నా ట్రంకుపెట్టెలో దాచాను.

నిన్న ఫోన్లోనే చెప్పవలసింది. "అమ్మా పెట్టె జోలికి" అన్న వాడి గొంతు చెవిలో మోగింది. అయినా... అక్కడ కొనుక్కుంటుందిలే.

జనవరి 23, శుక్రవారం

ఈరోజూ చెప్పలేదు.

జనవరి 24, శనివారం

స్వీడను చేరింది. రైలు సముద్రం మీద వంతెన దాటిందట. కిటికీ దగ్గర ఫోను పెట్టి చూపించింది — తెల్లగా, పిండి ఆరబోసినట్టు. ఊరు చిన్నది. గోదాము, ఒక హోటలు, గడ్డకట్టిన చెరువు. మన కోనసీమ అంత ఉంటుంది ఆ చెరువు, గట్టు మీద దారి ఉందట. రేపు ఆదివారం, దాని లెక్క ప్రకారం పెద్ద పరుగు. ఇరవై రెండు కిలోమీటర్లు.

అప్పుడు పెట్టె తెరిచింది.

"అమ్మా, పసుపు సంచేదీ?"

"అడుగున చూడవే. స్వెట్టర్ల కింద."

"అన్నీ తీసేసేనమ్మా. లేదు."

"సరిగ్గా చూడు తల్లీ. నా చేత్తో పెట్టేను."

సుధాకర్ అందుకున్నాడు. "పెట్టేవో, పెడదామనుకున్నావో. జాబితాలు రాయడం కాదు, వస్తువు పెట్టెలో పడాలి."

సుగుణ లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. ముళ్ళ తొడుగులు — ఎర్ర టిక్కు. దాన్నే చూస్తూ కూర్చుంది. నేను చిక్కుడుకాయల పళ్ళెంతో వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"పోన్లేమ్మా, సోమవారం కొనుక్కుంటా. ఇక్కడ కొట్లు అప్పుడే మూసేశారు, రేపూ తియ్యరు."

"రేపు వద్దులేవే అయితే" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"నువ్వు ఆదివారం చర్చి మానేస్తావా మామ్మా? నాదీ అంతే. మెల్లగా వెళ్తాలే."

జనవరి 25, ఆదివారం

పడింది.

నాలుగింటికి ఫోను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర. పైన పొడి మంచు, కింద అద్దంలా గడ్డ — కనపడలేదట. కాలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు. చలికి ఫోను కూడా చచ్చిపోయింది. కుక్కని తిప్పుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చూసి, తమ కోటు కప్పి, కారు తెచ్చి ఎక్కించారు. వాళ్ళెవరో గాని చల్లగా ఉండాలి. చల్లగా అనకూడదేమో అక్కడ.

"మామ్మకివ్వమ్మా" అని, "ఏం లేదు మామ్మా, ఏడవకు" అంటోంది. అది నన్ను ఓదారుస్తోంది.

జనవరి 26, సోమవారం

ఎముక విరగలేదు. చీలమండ దగ్గర నరంలాంటిదేదో చిరిగింది. సుగుణ దాని పేరు ఇంగ్లీషులో చెప్పింది. పెద్ద నల్ల బూటు వేశారు. మూడు వారాలు పరుగు మాట ఎత్తకూడదు. ఏప్రిల్ సంగతి చెప్పలేమన్నారు. కర్ర పట్టుకుని గోదాము పనికి మాత్రం వెళ్తుందట.

పడ్డ దెబ్బ నేను పెట్టిందే. మంచుది కాదు.

జనవరి 28, బుధవారం

భోజనాల దగ్గర సుధాకర్ మళ్ళీ మొదలుపెట్టాడు. వాడు చెడ్డవాడు కాదు, భయం వేస్తే వాడి నోరు అలా అవుతుంది. వాళ్ళ నాన్నా అంతే.

"ఉప్పు వేసేవా, వేసేననుకున్నావా?"

సుగుణ కంచాలు తీసి లేచింది. గిన్నెలు కడుగుతుంటే పక్కకి వెళ్ళాను.

"వాడి మాటలు పట్టించుకోకమ్మా."

"ఆయన మాటలు కాదండి అత్తయ్యగారూ." నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కట్టడం మర్చిపోయింది. "సంచి పెట్టెలో పెట్టడం నాకు కళ్ళకి కట్టినట్టుందండి. చెయ్యి కింద బరువు కూడా తెలుస్తోంది. కాని లేదు కదండీ. మా అమ్మకి ఇలాగే మొదలైందండి. దీపం ఆర్పేననేది, వెలుగుతూ ఉండేది. పాలు పోసేననేది, గిన్నె ఖాళీ. ఆఖరికి నన్నే ఎవరమ్మా నువ్వు అందండి."

వియ్యపురాలు పోయి ఆరేళ్ళు. ఆఖరి ఏడాది తన పేరే తనకి తెలియదు. నేను చూశాను.

కుళాయి నేను కట్టేశాను. అంతే చేశాను.

జనవరి 30, శుక్రవారం

సుగుణ గడి వేసిన తలుపు మళ్ళీ వెళ్ళి చూస్తోంది. రెండుసార్లు. మూడుసార్లు.

ఫిబ్రవరి 1, ఆదివారం

మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు బల్ల ఇచ్చే రోజు. నలభై ఏళ్ళుగా జ్వరమొచ్చినా నేను మానలేదు. వరసలో అందరూ లేచారు. నేను లేవలేదు. మనసులో అబద్ధం ఉంచుకుని ఆ రొట్టె ముట్టుకునే ధైర్యం నాకు లేదు. కాళ్ళు నొప్పన్నట్టు మోకాలు పట్టుకుని కూర్చున్నాను — అదీ అబద్ధమే. ఒకదాన్ని దాచడానికి ఇంకొకటి.

పాస్టరు గారు పళ్ళెం పట్టుకుని నా వైపు చూసి, ముందుకి వెళ్ళిపోయారు.

బయటికి రాగానే రాహేలు వదిన పట్టుకుంది.

"ఏం వదినా, ద్రాక్షరసం పులిసిందా ఈసారి?"

"మోకాలు వదినా."

"మోకాలికీ నోటికీ ఏం సంబంధం? పాస్టరు గారు కూర్చున్నవాళ్ళ దగ్గరికి తెచ్చి ఇస్తారు కదా!"

ఒంటికన్నుతోనే అన్నీ చూస్తుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

కరుణ కాలు కోసం స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. పదకొండు మంది. చాపలు నేనే వేశాను. టీ నేనే పెట్టాను. పాస్టరమ్మ గారు చిన్నగా చేసేరు. తరవాత రాహేలు వదిన ఎత్తుకుంది.

"ప్రభువా, ఆ మంచు దేశంలో బిడ్డ కాలుని ముట్టు! ఆ తల్లి మరుపుని తీసెయ్యి! ఆ ముళ్ళ తొడుగులు ఏ మూలనున్నా, ఎవరి దగ్గరున్నా బయటపెట్టు తండ్రీ!"

అందరూ ఆమెన్ అన్నారు. నా పెదాలూ కదిలాయి. గోడ అవతలే నా ట్రంకుపెట్టె.

'ఆ తల్లి మరుపు' అనగానే సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరంతా తెలిసిందన్నమాట. మా సుగుణకి మతిమరుపు. నేను పెట్టిన పేరు అది.

ఫిబ్రవరి 4, బుధవారం

సంచి కొంగులో చుట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళాను. పారేస్తే లేనట్టే అనుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అలాగే అనుకున్నాను.

ఈ గట్టు మీదే కరుణ పరుగు నేర్చుకుంది. పలివెల దాకా వెళ్ళి తిరిగి వచ్చేది. మొదట్లో ఎవరో "ఏవండీ మరియమ్మ గారూ, మీ పిల్లని కుక్కలు తరిమేయా?" అనేవారు. తరవాత "ఆయ్, టైమైంది, కరుణమ్మ ఎళ్ళింది" అని వడ్లు ఎత్తడం మొదలుపెట్టేవారు. నేను మంచినీళ్ళ చెంబుతో ఇక్కడే నిలబడేదాన్ని. ఆగకుండానే అందుకుని తాగి, చెంబు గట్టు మీద పెట్టి పోయేది. తిట్టేదాన్ని. మళ్ళీ మర్నాడు చెంబు పట్టుకుని నిలబడేదాన్ని.

పారెయ్యలేదు. నీళ్ళలో పడితే సుగుణ ఇక ఎప్పటికీ మతిమరుపు మనిషే అయిపోతుంది. తిరిగి తెచ్చేశాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కరుణ ఫిన్లాండు వెళ్ళింది. ఓడ మీద. ఓడ మీద గుండ్రంగా పరుగెత్తుదామని ముందు అనుకుందట, ఇప్పుడు కర్రతో ఒక్క చుట్టు నడిచింది. చుట్టూ సముద్రం కూడా గడ్డకట్టి, ఓడ వెళ్తుంటే పెంకులు విరిగినట్టు చప్పుడట. నాకు వినిపించింది.

ఊరికే కూర్చోలేదు ఆ పిల్ల. డాక్టరు నీళ్ళలో పరుగెత్తవచ్చన్నాడట. నడుముకి తేలే పట్టీ కట్టుకుని, లోతు నీళ్ళలో నిలువునా ఉండి, కాళ్ళు నేల తగలకుండా పరుగు. ముప్ఫై నిమిషాలు. ఉన్నచోటే ఉంటుంది.

"పిచ్చిదానివి కాదు కదే?"

"నేనొక్కదాన్నే కాదు మామ్మా. నీ వయసు మామ్మలు ఆరుగురు టోపీలు పెట్టుకుని నాతోపాటు పరుగెడుతున్నారు. నేను ఆగితే చప్పట్లు కొట్టి గదమాయిస్తున్నారు."

బయట పద్దెనిమిది డిగ్రీలు — సున్నా కింద. లోపల వేడి నీళ్ళు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడంది —

"నీ రొయ్యల పచ్చడి లేకపోతే చచ్చేదాన్ని మామ్మా. ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద వేసుకుని తింటున్నా. రోజూ నిన్నే తలుచుకుంటున్నా."

ఫోను సుగుణకిచ్చేసి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 9, సోమవారం

ఇది రాయక తప్పదు.

సుగుణ పెందరాళే వచ్చింది. ఆసుపత్రిలో పసిపిల్లలకి సూదులు వేసే రోజు. ఒక బిడ్డకి వేసి, వేశానా లేదా అని అనుమానం వచ్చిందట. రాసే ఉంది, తన చేతిరాతే. అయినా నమ్మకం లేదు. తోటి నర్సుని పిలిచి, మిగిలిన పిల్లలందరికీ పక్కన నిలబెట్టుకుని వేసింది.

"ముప్ఫై ఏళ్ళండి అత్తయ్యగారూ. ఒక్క సూదీ తప్పలేదు. ఇప్పుడు నా చెయ్యి నాకే భయంగా ఉందండి."

సంచిలోంచి కాగితం తీసింది. ముందుగా రిటైరైపోతానని అర్జీ. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. సుధాకర్ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "సంచి కోసం నేనేదో అన్నానని..." అన్నాడు.

"మీరన్నందుకు కాదు. ఎవరి బిడ్డకో ఏదన్నా అయితే?"

రేపు ఇచ్చేస్తానంది. నేను "ఒక్క వారం ఆగమ్మా" అన్నాను. "ఎందుకండి?" అంది.

ఎందుకో చెప్పలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

అర్జీ ఇచ్చేసింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పచ్చ గుండ్రం నొక్కడం నాకూ వచ్చు. కరుణకి చేశాను. ఏదో గోదాములో ఉంది, నోట్లోంచి పొగ.

చెప్పేశాను. సంచి, సీసా, ట్రంకుపెట్టె. వరసగా రాలేదు, ముందుది వెనక వెనకది ముందు చెప్పాను. అది గోదాములోంచి బయటికి వచ్చి నిలబడి వింది.

"డెన్మార్కులో ఉన్నప్పుడే నీకు తెలుసా మామ్మా? నేను సంచి పేరు చెప్పిన రోజే?"

"తెలుసే."

"అప్పుడు చెప్తే ఆ ఆదివారం లోగా కొత్తవి కొనుక్కునేదాన్ని కదా."

కోపంగా అనలేదు. లెక్క చూసుకుంటున్నట్టు అంది. తిట్టినా బాగుండేది.

"కాలు పోతే పోయిందిలే, బాగవుతుంది. అమ్మకి చెప్పేవా?"

"నువ్వు చెప్పవే తల్లీ. నీ మాటైతే..."

"నేను చెప్పను మామ్మా. ఇది నా నోటితో వస్తే అమ్మకి సగమే తీరుతుంది. నువ్వే చెప్పాలి."

ఫిబ్రవరి 11, బుధవారం

మూడుసార్లు పిలిచాను. "సుగుణా" అన్నాను. "ఏంటండి" అంది. "ఆవుకి కుడితి పెట్టేవా" అన్నాను. "పెట్టేనండి" అని, వెంటనే లేచి వెళ్ళి కుడితి గోలెం చూసి వచ్చింది. పెట్టిందో లేదో అని.

ఆ ప్రశ్నయినా వేరేది అడగలేకపోయానా.

ఫిబ్రవరి 12, గురువారం

చెప్పాను.

పొద్దున్న కూరలు తరుగుతోంది. ట్రంకుపెట్టె తీసి, సంచి తెచ్చి కత్తిపీట పక్కన పెట్టాను.

చూసింది. చేతిలో వంకాయ చేతిలోనే ఉంది.

"నువ్వు పెట్టెలో పెట్టేవమ్మా. నేనే తీసేను. పచ్చడికి చోటు కోసం. నువ్వేమీ మర్చిపోలేదు. నీకేమీ లేదు."

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. నెమ్మదిగా వంకాయ నీళ్ళలో వేసింది, నల్లబడకుండా. సంచి విప్పి, ముళ్ళు ఒకటొకటి వేలితో తడిమింది.

"ప్రార్థన పెట్టిన రోజు మీరు టీ ఇచ్చేరండి అందరికీ."

"ఇచ్చేనమ్మా."

"మా అమ్మ పేరు ఎత్తి నేను మీ దగ్గర ఏడ్చేనండి. కుళాయి కట్టేరు మీరు."

"ఆయ్... కట్టేను."

"అప్పుడు ఒక్క మాట అనాలని అనిపించలేదాండి?"

అనిపించింది. ప్రతిరోజూ అనిపించింది. సుధాకర్ ఏమంటాడో, కరుణ ఏమనుకుంటుందో, ఊళ్ళో ఏమంటారో — ఇన్ని భయాలు లెక్కపెట్టుకున్నాను. సుగుణ ఏమైపోతోందో అన్న భయం ఆ లెక్కలో ఆఖర్న వచ్చింది. ఇదంతా ఆమెతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కూర వండి, మూత పెట్టి, చీర మార్చుకుని, రాజోలు బస్సెక్కింది. వాళ్ళ అన్నయ్య ఇంటికి. "ఎన్ని రోజులమ్మా?" అంటే "తెలీదండి" అంది. వెళ్తూ తలుపు గడి వేసింది. మళ్ళీ వచ్చి చూడలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సుధాకర్‌కి నిన్న సాయంత్రమే చెప్పాను. "అమ్మా..." అని ఆగిపోయాడు. తిట్టడానికి నోరు రాలేదు వాడికి. వాడూ అన్నాడు కదా ఆమెని, ఉప్పు దగ్గర, జాబితా దగ్గర. రాజోలు ఫోను చేస్తే సుగుణ "బాగున్నానండి" అని పెట్టేసిందట.

ఇద్దరం పప్పు వండుకున్నాం. మాడింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

కరుణకి నల్లబూటు తీసేశారు. మంచు మీద — కొత్త తొడుగులు కొనుక్కుంది — ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా పదిసార్లు. దారి మీద గులకరాళ్ళు చల్లుతారట అక్కడ, జారకుండా. ఫోను చేతిలో పట్టుకుని చూపించింది. కరకర చప్పుడు, దాని ఊపిరి, తెల్లటి చెట్లు. ఒక నిమిషమే. నేనూ ఊపిరి బిగబట్టుకుని చూశాను.

"నొప్పా?"

"నొప్పి కాదు, భయం మామ్మా. కాలు నేల మీద పెట్టే ముందు ప్రతిసారీ ఆలోచిస్తోంది."

ఏప్రిల్లో నలభై రెండు కుదరకపోవచ్చు, సగం దూరం పరుగెత్తుతానేమో చూడాలంది. సగం. ఏడాది నుంచి కట్టుకున్నదాంట్లో సగం నా సీసాలోకి పోయింది.

"అమ్మ నాతో రోజూ మాట్లాడుతోంది" అంది. "నీ గురించి నేను అడగలేదు, తనూ చెప్పలేదు."

ఫిబ్రవరి 17, మంగళవారం

పాస్టరు గారింటికి వెళ్ళాను. పాస్టరమ్మ గారు కుర్చీ వేసేరు. గడప మీదే కూర్చున్నాను. మొత్తం చెప్పాను. బల్ల దగ్గరికి ఎందుకు రాలేదో కూడా. ఏదన్నా వాక్యం చదివి, తల మీద చెయ్యి పెడతారనుకున్నాను. అయిపోతుందనుకున్నాను.

"సుగుణమ్మ గారి దగ్గరికి ఎళ్ళేరాండి?" అన్నారు పాస్టరు గారు.

"ఇంట్లో చెప్పేనండి."

"చెప్పడం సరేనండి. ఎళ్ళేరా?"

లేదన్నాను. "అయితే నా దగ్గరికి ముందొచ్చేసేరండి మీరు" అని, పాస్టరమ్మ గారిని మజ్జిగ తెమ్మన్నారు.

వస్తుంటే రాహేలు వదిన దారిలో అడ్డం. ఆవిడకీ చెప్పేశాను. ఊరికి చెప్పడానికి అంతకన్నా దగ్గర దారి లేదు. సుగుణకి ఏ మరుపూ లేదని, తీసింది నేనని. వదిన నల్లద్దాలు తీసి నన్ను చూసింది.

"అయితే నా ప్రార్థన ఫలించినట్టే కదా" అంది. కాసేపాగి, "పాపం ఆ పిల్ల" అంది. ఏ పిల్లో అడగలేదు. ఇద్దరికీ సరిపోతుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

రాజోలు ఫోను చెయ్యాలి. మాట్లాడవలసింది ఈ పేజీ మీద రాసి చూసుకున్నాను. నాలుగుసార్లు కొట్టేశాను. "క్షమించమ్మా" అని రాస్తే నాకోసమే అడుగుతున్నట్టుంది.

ఫిబ్రవరి 19, గురువారం

చేశాను. వాళ్ళ వదిన విమల ఎత్తింది. ముందు అందరినీ అడిగాను — అన్నయ్య గారి షుగరు, పిల్లల పరీక్షలు, కొబ్బరితోటలో కాయ దింపు అయిందా అని. అన్నిటికీ "బాగున్నారండి, అయిందండి" అంది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. "సుగుణకిస్తావా అమ్మా" అన్నాను.

విమల ఫోను లోపలికి పట్టుకెళ్ళింది. తరవాత —

"చెప్పండత్తయ్యగారూ."

"అర్జీ వెనక్కి తీసుకున్నావా అమ్మా?"

"లేదండి."

"నీకేం లేదని తెలిసింది కదా."

"తెలిసిందండి. కాని ఇరవై రోజులు నా చెయ్యి నేను నమ్మలేదండి. ఆ నమ్మకం సంచి దొరకగానే తిరిగి రాలేదు. ఆసుపత్రికి ఇక్కణ్ణుంచే వెళ్తున్నాను, సూది పట్టుకుంటే ఇంకా చూసుకుంటున్నాను. ఈ నెలాఖరు లోగా చెప్పమన్నారు ఆఫీసులో, ఉంటానో వెళ్తానో."

కరుణ కాలు లాగే అన్నమాట. పెట్టే ముందు ప్రతిసారీ ఆలోచిస్తోంది. ఇద్దరివీ విరిచింది ఒక్క చెయ్యే.

"నేను రానా అమ్మా?"

వెనక ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు.

"మా అమ్మ పేరున ఏటా పెట్టే ప్రార్థన ఇరవై ఎనిమిదిన ఉందండి. అన్నయ్య, వదిన, మేనత్తలు, మా అమ్మని చూసుకున్న ఇరుగుపొరుగు, అందరూ వస్తారు. వాళ్ళకి కూడా తెలిసిపోయింది, నాకూ అమ్మ జబ్బు మొదలైందని. నన్ను చూసే చూపు మారిందండి. మీరు వస్తే... వాళ్ళందరి ముందు చెప్పాలండి. మీ నోటితో. నా పక్కన నిలబడి."

పెళ్ళికి వెళ్ళినప్పుడు తప్ప ఆ ఇంట్లో నేను నిలబడి మాట్లాడింది లేదు. పెళ్ళికొడుకు తల్లిగా కుర్చీలో కూర్చున్నాను అప్పుడు.

"వస్తానమ్మా."

"ఏమీ తేకండి. పచ్చళ్ళు అవీ."

"తేను."

"చెప్పేక నేను మీతో వచ్చేస్తానని అనుకోకండి. ఉద్యోగం సంగతి కూడా అప్పుడే చెప్పలేను. చూద్దామండి."

సుధాకర్ తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. వాడు చెప్పవలసింది వాడు విడిగా వెళ్ళి చెప్పుకోవాలి.

మా కొత్తపేట నుంచి ఏడున్నర బస్సు. ప్రార్థన పదింటికి. ఫిబ్రవరి 28, శనివారం.